లోపలి అతుకు

ఇస్త్రీ కొట్టు పైగది,
మంగళవారం మధ్యాహ్నం.

శ్రీవారికి,

నమస్కారాలు. మీరూ, మీ వంతెనా, వెల్డింగ్ రవ్వలు పడీ పడీ మచ్చలు తేలిన మీ చేతులూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఉత్తరం మొదట్లో రాయాలి కాబట్టి రాసిన మాట కాదిది. అత్తయ్యకి నిన్న ఆపరేషన్ అయింది. ఆగండి, లేచి పరుగెత్తకండి. బాగుంది. పొద్దున టీ చల్లారిపోయిందని నర్సుని కేకలేసింది కూడా.

ఫోన్ చెయ్యకూడదా అంటారు. మీ సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తి, అందరి ముందూ గట్టిగా మాట్లాడమ్మా అంటే నాకు గొంతు పెగలదని మీకు తెలియదూ? నాకు గుసగుస అని పేరు పెట్టింది మీరేగా. కాగితం దొరికితే మాత్రం నేను వాగుడుకాయని. మొదటినించీ చెబుతాను, వినండి.

పోయిన వారం నాకు కడుపునొప్పి వచ్చింది. మూటలు దించుతుంటే పట్టేసిందని అత్తయ్యకి చెప్పాను. చెప్పడమే ఆలస్యం, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఆర్పేసి కొట్టు మూసేసింది. హోటల్ వాళ్ల దుప్పట్లు సాయంత్రానికి ఇవ్వాలి కదా అంటే, ఈ ఒక్కరోజూ దుప్పటి లేకుండా పడుకుంటే చచ్చిపోరులే అంది.

ఆడ డాక్టరున్న ఆస్పత్రికి తీసుకెళ్లింది. మీరు చూస్తుంటే తల కూడా దువ్వుకోలేని దాన్ని, బల్ల మీద పొట్ట కనబడేలా పడుకున్నాను. నేను కళ్లు మూసుకుంటే ఎవరికీ కనపడనన్నట్టు గట్టిగా మూసుకున్నాను. డాక్టరమ్మ అక్కడా ఇక్కడా నొక్కి చూసింది. ఇంతకీ అక్కడ లోపల ఏముంటుంది తల్లీ, పిల్ల ఇంత బాధపడుతోంది అని అత్తయ్య అడిగింది. ఆవిడ జేబులోంచి పెన్ను తీసి నా పొట్ట మీదే బొమ్మ వెయ్యడం మొదలెట్టింది. నాకు ఒకటే చక్కిలిగిలి.

ముందువైపు ఇక్కడ ఎముక లేదమ్మా, పక్కటెముకల దగ్గర్నించి కింద తుంటి ఎముకల దాకా పొరలే గోడ అంది. చర్మం, కింద కొవ్వు, ఆ కింద కండలు. బొడ్డుకి అటూ ఇటూ రెండు పట్టీల్లా నిలువు కండలున్నాయట. పక్కల్లో మాత్రం మూడు పలచటి కండలు ఒకదాని మీద ఒకటి. పైదాని పోగు ఒక ఐమూల, రెండోదాని పోగు దానికి ఎదురు ఐమూల, లోపలిది అడ్డం. అందుకే ఎటు లాగినా ఓర్చుకుంటుందట. అవి ముందుకొచ్చేసరికి తెల్లటి గట్టి పొరలుగా మారి, నిలువు కండల్ని దిండు గలీబులో దూర్చినట్టు చుట్టి, నడిమధ్య గీత దగ్గర కలిసిపోతాయట. అత్తయ్య నోరు తెరుచుకుని వింది. బట్ట నేసినవాడు ఎవడో గానీ పనిమంతుడు అంది.

పనిమంతుడే గానీ బలం తక్కువ చోట్లు కొన్ని వదిలేశాడు అంది డాక్టరమ్మ. బొడ్డు ఒకటి, గజ్జలు ఒకటి, ఎప్పుడైనా కోసి కుట్టిన చోటు ఒకటి. దగ్గినా, బరువెత్తినా లోపలి పేగు అక్కణ్నించి తోసుకొస్తుంది. పడుకుంటే వెనక్కి పోతుంది. పోతోంది కదా అని మనిషి సర్దుకుపోతుంది. ఏదో ఒకరోజు పోదు. ఇరుక్కుని గట్టిపడుతుంది, నొప్పి, వాంతులు. రక్తం ఆడక పేగు చచ్చిపోతుంది. అప్పుడు పరుగున వచ్చినా ఒక్కోసారి మా చేతుల్లో ఉండదు అంది.

తర్వాత నన్ను దగ్గమంది. నేను దగ్గితే పిల్లి తుమ్మినట్టుంది. అలా కాదే పిల్లా, ఇలా అని అత్తయ్య నాకు నేర్పడానికి తను దగ్గింది. బొగ్గుపొగ పీల్చిన దగ్గు కదండీ, ఒకదానితో ఆగుతుందా? తెర మీద తెర వచ్చింది. అత్తయ్య చెయ్యి దానంతటదే బొడ్డు కిందికి పోయి అదిమి పట్టుకుంది. డాక్టరమ్మ నా పొట్ట వదిలేసి ఆ చెయ్యి వంకే చూసింది.

ఎన్నాళ్లనించమ్మా అని మెల్లిగా అడిగింది. గ్యాసు అంది అత్తయ్య. గ్యాసుకి నడుం చుట్టూ బట్ట బిగించి కడతారా అని ఆవిడ అడిగింది. అత్తయ్య నా వంక తిరిగి, బల్ల దిగవే, నీకంటే నాకే దీంతో పనున్నట్టుంది అంది.

పడుకుని తల ఎత్తమనగానే కనపడింది. బొడ్డు కింద నిలువుగా పాత కుట్టు, దాని పక్కనే కోడిగుడ్డంత ఉబ్బు. ఈమధ్య ఒకసారి అది లోపలికి పోవడానికి చాలాసేపు పట్టిందని అప్పుడు బయటపెట్టింది.

ఆ కుట్టు మీరేనండీ. మీరు అడ్డం తిరిగితే కోసి తీశారట. ఇది మటుకు వాడికి రాయకు, తన మూలాన అమ్మకి ఇలా అయిందని కుమిలిపోతాడు అంది అత్తయ్య. అయినా రాస్తున్నాను, డాక్టరమ్మ చెప్పింది కూడా మీకు తెలియాలి కాబట్టి. ఇందులో మీ అబ్బాయి తప్పేం లేదు, కోసి కుట్టిన చోటు ఎప్పటికీ కొయ్యని చోటంత గట్టిగా ఉండదు, పైగా ఇన్నేళ్ల దగ్గూ ఇన్నేళ్ల మూటలూ అంది. దానికి అత్తయ్య, వాడు బయటికొచ్చి పెట్టిన గోలకి ఇంకా పెద్ద చిరుగే పడాల్సింది అని నవ్వింది. నవ్వుతూ మళ్లీ అక్కడే పట్టుకుంది.

ఆపరేషన్ అనగానే మొరాయించింది. కొట్టు ఎవరు చూస్తారంది, నీ మొగుడొచ్చాక చూద్దాంలే అంది. లోపల ఒక వల పెట్టి కుడతాం, దాని కళ్లలోంచి మాంసం అల్లుకుని గట్టిపడుతుంది అని డాక్టరమ్మ చెప్పాకే కాస్త మెత్తబడింది. చిరిగిన జేబుకి లోపల అతుకు వేసినట్టేనా అని అడిగింది. అంతేనమ్మా అంటే, సరే, అతుకు సంగతి నాకు తెలుసు, కానివ్వండి అంది.

ఇంక కొన్ని నెలలు బరువెత్తకూడదు. కొట్లో నేనే నిలబడుతున్నాను. ఆలస్యమైనందుకు హోటల్ మేనేజరుతో నేనే మాట్లాడాను. వినపడలేదన్నాడు. మళ్లీ మాట్లాడాను. ఈసారి రోడ్డు అవతలి చెప్పులు కుట్టే తాతకి కూడా వినపడింది.

సెలవు దొరికితే రండి. వచ్చి పొట్ట ఎలా ఉందని అడగకండి, అత్తయ్య సిగ్గుపడుతుంది. మూటలు మీరే దించండి, చాలు.

ఎప్పటికీ మీ
గుసగుస

తా.క. నా కడుపునొప్పికి ఏ మందిచ్చారని అడుగుతారు. నాకు నొప్పి రాలేదండీ. ఆ ముందురోజు గది తలుపు ఓరగా ఉంటే చూశాను, అత్తయ్య నేల మీద వెల్లకిలా పడుకుని, పళ్లు బిగించి, చేత్తో ఆ ఉబ్బుని లోపలికి నెట్టుకుంటోంది. అడిగితే నన్ను కసురుతుంది. మీకు చెబితే మీరు అరుస్తారు, తను ఇంకా లోపల దాచుకుంటుంది. తన కోసమైతే ఆస్పత్రి గడప తొక్కదు, నా కోసమైతే చెప్పుల్లేకుండా పరుగెత్తుతుంది. అందుకని అబద్ధం ఆడాను. ఎక్కడ నొప్పి అని డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ వేరే చోటు చూపించాను. ఆవిడ నన్నొకసారి తేరిపార చూసి పెన్ను తీసింది.

అత్తయ్యకి తెలియదనే అనుకున్నాను. నిన్న ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే నా మెడ వంచి చెవిలో చెప్పింది, డాక్టరమ్మని అడిగానే పిల్లా, నాకు కుట్లేస్తే నీ నొప్పి తగ్గిపోతుందట అని.