ఉంగరం వేలి గుర్తు

నందిగామ, మే 2004, మంగళవారం

ఎండలు ముదిరినప్పటి నుంచి డీటీపీ షాపులో కంప్యూటరు పని మధ్యలో ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా, పోయిన మనిషని కూడా చూడకుండా మా ఆయన్ని తిట్టుకుంటున్నాను. "మీరు బిగించిందేగా, మీ మొండితనమే వచ్చింది దీనికి" అని.

ఇవాళ జగ్గయ్యపేట నుంచి మెకానిక్ శ్రీను వచ్చి, లోపలి ఫ్యాను విప్పాడు. దాని కింద ప్రాసెసరు మీద, వేడి లాగడానికి రాసే తెల్ల పేస్టు సున్నంలా ఎండిపోయింది. ఫ్యాను అడుగునుండే లోహపు దిమ్మ ఆనని అంచున మాత్రం ఆయన వేలి గీతలు అలాగే ఉన్నాయి. ఏ కంప్యూటరుకైనా ఆ పేస్టు ఉంగరం వేలితోనే, బొట్టు పెట్టినట్టు రాసేవారు.

"ఇట్టా వేలితో పూయకూడదక్కా. ఇదంతా తుడిచేసి కొత్తది రాయాలి, లేకపోతే మళ్లీ ఆగిపోద్ది" అన్నాడు శ్రీను.

"సరే, తుడిచెయ్. నేను టీ చెప్పొస్తా" అని బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బూడిదరంగు దూది ఉండ చెత్తబుట్టలో ఉంది. ప్రాసెసరు అద్దంలా మెరుస్తోంది.

సాయంత్రం దాకా కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు. పేరుకుపోయిన శుభలేఖలన్నీ అయిపోయాయి. షాపు మూసేదాకా ఆయనతో మాట్లాడే పనే పడలేదు.