ఎలుగుకి ఏం పెట్టాలి

జూలై 29, శనివారం

మా మేన్ రాష్ట్రంలో ఎలుగు వేటకి నెల ముందు, అంటే ఇవాళ్టి నుంచి, ఎర పెట్టొచ్చు. నలభై ఏళ్లుగా అది మా ఆయన లూజె పని. ఈ ఏడాది నేను పెట్టాను. అడవిలో ఎర వేసే పీపాకి పేరు, అడ్రసు రాసిన అట్ట కట్టాలి కదా, మొదటిసారి నా పేరు రాశాను.

మార్చిలో స్ట్రోక్ వచ్చాక ఆయన ఎడమ చెయ్యి బకెట్ మొయ్యదు. చెయ్యి సంగతి సరే, మనిషి రేపటి గురించి మాట్లాడటమే మానేశాడు. పడవ అమ్మేశాడు. కుక్కని తమ్ముడు జిల్మన్‌కి ఇచ్చేశాడు. చలికాలానికి కట్టెలు ఎన్ని లోడ్లు చెప్పమంటావని అడిగితే, నీ ఒక్కదానికి ఎన్ని కావాలో నువ్వే చూసుకో అన్నాడు. ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆయన ఎర బకెట్లు తీసి కడిగాను.

ఎర ఏం పెట్టమంటావు అన్నాను. కిటికీలోంచి చూస్తూ, నీ ఇష్టం అన్నాడు.

జూలై 31

బడి వంటింట్లో ముప్పై ఏళ్లు చేశాను. ఏ పిల్లాడు ఏది వదిలేస్తాడో కళ్లు మూసుకుని చెప్పగలను. ఎలుగు సంగతి తెలియదు. తెలుసుకోవాలని మహా కోరికగా ఉంది.

మూడు కుప్పలు పెట్టాను. బేకరీలో మిగిలిన డోనట్లు, బెల్లం పాకం కలిపిన పాప్‌కార్న్, మా పెరటి బంగాళాదుంపలు. చాక్లెట్ డోనట్లు ఏరేశాను, ఎలుగుకి అది విషం. చెట్టుకి కెమెరా కట్టాను.

ఆగస్టు 2

దుంపలు ముట్టలేదు. చుట్టూ దుంప చేలే, ఈ ఊరి ఎలుగేగా, మొహం మొత్తి ఉంటుంది.

ఆగస్టు 5

కెమెరాలో పడింది, పెద్ద మగది. కుడి చెవి చిరిగింది. ముందు డోనట్లు తింది, వాటిలోనూ జామ్ ఉన్నవి ముందు! తిరిగొచ్చేముందు, ఎర వేశానని తెలియడానికి నేను బకెట్‌ని పీపాకేసి కొడతానా, ట్రక్కు చప్పుడు దూరం కాగానే వస్తోంది. పదకొండు నిమిషాలు పట్టింది.

లూజెకి ఫోటో చూపించాను. కళ్లజోడు ఇవ్వమన్నాడు.

ఆగస్టు 13

వారం దాటింది, రాలేదు. డోనట్లకి బూజు పట్టింది. సోంపు నూనె చల్లాను. తేనె మాడ్చి పొగ పెట్టాను, జుట్టంతా అదే వాసన. నక్క వచ్చి చూసి పోయింది.

జిల్మన్ వచ్చి, వదినా, అది ఎలుగు, ఒకటో క్లాసు పిల్లాడు కాదు, బుజ్జగిస్తే రావడానికి అని నవ్వాడు. అప్పుడు నోరు విప్పాడు లూజె. పిచ్చి క్లెమాన్స్, అడవినిండా రాస్ప్‌బెర్రీలు పండి ఉంటే నీ తీపి ఎవడిక్కావాలే? అడవిలో దొరకనిది పెట్టు, కొవ్వు పెట్టు అన్నాడు. మాడిన నూనె పొయ్యమన్నాడు. ఆ కంపు నా ట్రక్కెక్కదు అన్నాను. తినేది నువ్వా అదా అన్నాడు. గంటసేపు పోట్లాడుకున్నాం. మార్చి తరవాత ఇంత పోట్లాట ఇదే. ప్రాణం లేచొచ్చింది.

ఆగస్టు 14

రాజీకి వచ్చాం. మిగిలిపోయిన గోధుమరంగు ప్లోయ్ అట్లని బేకన్ కొవ్వులో వేయించి, పైన పాకం పోశాను. ఆయన స్టవ్ పక్కనే నిలబడి ఇంకొంచెం పొయ్యి, ఇంకొంచెం పొయ్యి అంటూనే ఉన్నాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. డాక్టరు గుర్తున్నాడా అన్నాను. నా నోట్లోనూ ఒకటి కుక్కాడు.

ఆగస్టు 15

తొమ్మిది నిమిషాలు!!

ఆగస్టు 24

రోజూ వస్తోంది. మెడ కనపడనంత బలిసింది. కూర్చుని మరీ తింటుంది, ముక్క మిగల్చదు. ముప్పై ఏళ్లలో ఏ పిల్లాడూ నా వంట అలా తినలేదు. ఈ మాట ఇంట్లో అనకూడదు.

లూజె ఎడమ చేతికి ఊతకర్ర పెట్టుకుని రైఫిల్ సాధన చేస్తున్నాడు. పొద్దున్న ఈల వేశాడు.

ఆగస్టు 28, సోమవారం, మధ్యాహ్నం మూడు

వేట ఇవాళ మొదలు. ఇద్దరం చప్పుడు చేసుకుంటూ వెళ్లాలట. నేను ఎర పోసి, బకెట్ మోగించి, తుపాకీతో ఆయన్ని అక్కడే మాటున వదిలి, ఒక్కదాన్నే వెనక్కి రావాలి. మనుషులు పోయారనుకుని అది వస్తుంది. ఎలుగుకి లెక్కలు రావే అన్నాడు.

నాకు వచ్చు.

బకెట్ కొట్టకుండా వచ్చేస్తే? ఆ ఆలోచన వచ్చింది. దాచటం దేనికి, రాస్తున్నాను.

ఆగస్టు 29, పొద్దున్న

కొట్టాను. రోజూకన్నా గట్టిగా.

రోడ్డు మీద ట్రక్కులో కూర్చుని గడియారం చూశాను. ఎనిమిదో నిమిషంలో ఒక్క తుపాకీ పేలుడు వినపడింది. జిల్మన్‌ని పిలిచి వెళ్లేసరికి లూజె కుర్చీలో ఏడుస్తూ నవ్వుతున్నాడు. నా చెయ్యి వదల్లేదు. నేను ఆ చిరిగిన చెవి వైపు చూడలేదు.

సెప్టెంబరు 2

కొవ్వు కరిగించాను. నాలుగు సీసాలు నిండాయి. సగం నేను వండి పెట్టిందే.

సెప్టెంబరు 3

దాని మాంసం కూర వండాను. ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు. నేనూ తిన్నాను. బాగుంది.

వచ్చే ఏడాది ఏం పెడదామే అన్నాడు.

వచ్చే ఏడాది అన్నాడు. సింకు దగ్గర కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన కోసమో, ఎలుగు కోసమో నాకే తెలియదు.