గ్లాసుడు డీజిల్

జూన్ 4

నూనె వచ్చింది. ఫ్లాస్కును కాసేపు కదపకుండా ఉంచితే పైన పల్చగా తేలింది. డీజిల్‌కి బదులు ఇంజిన్‌లో పోసుకోదగ్గ నూనె. మా బ్యాక్టీరియా పంచదార తిని చేసి పెట్టింది. జీన్లు మార్చి ఇంతకాలంగా బతిమాలుతుంటే పలకని మహాతల్లులు ఇవాళ పలికారు. మా ల్యాబ్ హెడ్ మేడమ్ చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నా తోటి రీసెర్చర్ బాగుంది అన్నాడు. నోరు విప్పడు కాబట్టి అతనికి సైలెన్సర్ అని నేనే పేరు పెట్టాను. అతని లెక్కలో ఇది ఉపన్యాసం.

జూన్ 5

సంతోషం ఒక్క రోజే. ఇరవై ఏడున మా ప్రాజెక్టుకి డబ్బిచ్చే కమిటీ వస్తుందట. గ్రాఫులు చూసి చూసి విసిగిపోయాం, ఇంజిన్ నడిపి చూపించండి అన్నారట. నడవకపోతే ప్రాజెక్టు మూత. ఈ గది పక్క గ్రూపుకి పోతుంది. నేను మళ్లీ తాగునీటి శాంపిళ్లు పరీక్షించే సెక్షన్‌కి పోతాను. అక్కడ బ్యాక్టీరియా కనపడితే చంపమని రిపోర్టు రాయడమే పని. ఇక్కడ పెంచుకోవడం. నాకు ఇదే కావాలి.

జూన్ 8, సాయంత్రం

బావ షెడ్డుకి వెళ్లాను. అక్క మొగుడు. జనరేటర్లు రిపేరు చేస్తాడు. చిన్న డీజిల్ జనరేటర్ ఒకటి కావాలన్నాను. ఎందుకో చెప్పగానే స్పానర్ కింద పెట్టేసి, నా ఇంజిన్‌లో పురుగుల ఉచ్చ పొయ్యమంటావా మరదలా అన్నాడు. ఉచ్చ కాదు బావా, నూనె అంటే, సరే, ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పు మరి అన్నాడు. నిజానికి ఆ ప్రశ్నకి మర్యాదైన జవాబు లేదు. అక్క లోపలి నుంచే, అది ఎప్పుడైనా నోరు తెరిచి ఏదైనా అడిగిందా, ఇచ్చెయ్యొచ్చుగా అంది. ఇచ్చాడు. కానీ తిప్పేదీ, విప్పేదీ తనేనట. నేను చెయ్యి వేస్తే ఊరుకోడట.

జూన్ 10

ఇక పెద్ద ట్యాంకు. అందులో వేయడానికి బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద నుంచి ఒక కాలనీని ఎంచాలి. ప్లేటు నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కుటుంబం. అన్నిట్లోకీ బొద్దుగా, నిగనిగలాడుతూ ఉన్నదాన్ని తీశాను. ముద్దొచ్చింది. సైలెన్సర్ ఏదో అనబోయి ఊరుకున్నాడు.

జూన్ 12

ట్యాంకు నురగలు కక్కుతోంది. ఏం పెరుగుతున్నాయో, నా దిష్టే తగిలేలా ఉంది.

జూన్ 14

చుక్క నూనె లేదు.

జూన్ 15

కొంప ముంచింది నేనే. నూనె చేయడం బ్యాక్టీరియాకి అదనపు చాకిరీ. తిన్న తిండిలో చాలా భాగం దానికే పోతుంది. ఆ పని ఎగ్గొట్టడం నేర్చినవి ఉన్నదంతా తమ ఒంటికే పట్టించుకుని, బొద్దుగా తయారై, గబగబా పిల్లల్ని కంటాయి. నేను అందం చూసి ఎంచుకొచ్చింది అలాంటి సోమరిపోతుని. ట్యాంకు నిండా ఇప్పుడు దాని సంతానమే.

ఆ రోజు ఏం చెప్పబోయావని సైలెన్సర్‌ని నిలదీశాను. ఇదే అన్నాడు. మరి చెప్పి చావొచ్చుగా అంటే, మీరు చాలా సంతోషంగా ఉన్నారు అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మేడమ్ తిట్టలేదు. ముద్దుగా ఉన్నవాళ్లందరూ పని చేస్తారని నీకెవరు చెప్పారమ్మా అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

జూన్ 18

ఫ్రీజర్‌లో దాచిన మొదటి స్టాక్ తీసి కొత్త ప్లేట్లు వేశాం. నూనె ఉన్నచోట వెలిగే రంగు కలిపి, లైటు కింద పెట్టి చూశాం. బొద్దుగా ఉన్నవన్నీ మొద్దుల్లా చీకట్లో కూర్చున్నాయి. పీలగా, వంకర అంచులతో, చూడగానే పారేయాలనిపించేవి ఎర్రగా వెలిగాయి. వాటికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఒకదాన్ని ఎంచి, సైలెన్సర్ చేత సరేనని పైకి అనిపించాకే ట్యాంకులో వేశాను.

జూన్ 21

బావ రోజూ ఫోన్. పురుగులు అన్నం తిన్నాయా, స్నానం చేశాయా, నిద్రపోయాయా. మేడమ్ పక్కనుండగా స్పీకర్ ఆన్‌లో ఉండిపోయింది. ఆవిడ ఫోన్ దగ్గరకు వంగి, తిన్నాయండీ, మీరు తిన్నారా అన్నారు. అవతల ఫోన్ కట్.

జూన్ 24

వచ్చింది. మెల్లగా, ఏడిపించి ఏడిపించి, కానీ వచ్చింది. వేరు చేసి శుభ్రపరిస్తే అంతా కలిపి ఒక గ్లాసుడు. ముందుగా ఇంజిన్‌లో పోసి చూద్దామంటే కమిటీకి చూపించడానికి మిగలదు. ఏదైనా నేరుగా ఆ రోజే. బావకి చెప్పాను. నువ్వు కంగారుపడకు, నేనున్నాగా అన్నాడు. బావ ఎగతాళి చేయకపోతే నాకు భయమేస్తుంది.

జూన్ 27, పదకొండు

నడిచింది. బావ హ్యాండిల్ ఒక్కసారి తిప్పాడు, అందుకుంది. బల్బు వెలిగింది. కమిటీ చైర్మన్ గారు నవ్వని మనిషని పేరట. ఆయనే చప్పట్లు మొదలుపెట్టారు. మేడమ్ నా చెయ్యి పట్టుకుని నలిపేశారు, ఇంకా నొప్పిగా ఉంది. కాసేపు నడిచాక బావే ఆపేశాడు. ఇప్పుడు టీ బ్రేక్. బాత్రూంలో నిలబడి రాస్తున్నాను. నేను గాల్లో ఉన్నాను.

జూన్ 27, పదకొండున్నర

నడవలేదు.

బావ కారిడార్‌లోకి పిలిచి చెప్పాడు. ఫిల్టర్‌లో, పైపులో ముందే బంకు డీజిల్ నింపి తెచ్చాడట. ఇంజిన్ నడిచింది దాని మీద. మా నూనె ఇంకా పైన జనరేటర్ ట్యాంకులోనే ఉంది, కిందికి దిగనేలేదు. అందరి ముందూ నీ పరువు పోకూడదనే చేశా మరదలా అన్నాడు. గ్రీజు చేతులతో మొహం తుడుచుకుంటూ నల్లగా చేసుకున్నాడు. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

లోపల అందరూ నవ్వుతూ బిస్కెట్లు తింటున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గది మాకే ఉంటుంది. కానీ ఆ నూనె ఇంజిన్‌ని నడుపుతుందో లేదో నాకే తెలియదు.

చెప్పేస్తాను.

జూన్ 27, సాయంత్రం

చెప్పాను. మేడమ్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. కమిటీలో ఒకాయన ఫైలు మూసి, ఇక లేద్దామా అన్నాడు. చైర్మన్ గారు మాత్రం, నూనె ఉందన్నారుగా, దాంతో తిప్పండి అన్నారు. బావ పైపు విప్పి, కొత్త ఫిల్టర్ వేసి, పాత డీజిల్ చుక్క లేకుండా తుడిచాడు. చైర్మన్ గారు పక్కనే వంగి నిలబడి చూశారు.

హ్యాండిల్ తిప్పాడు. ఏమీ లేదు. మళ్లీ తిప్పాడు. ఏమీ లేదు. బావ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అప్పుడు సైలెన్సర్ అందరి ముందూ గట్టిగా, ఇంకోసారి తిప్పండి అన్నాడు. ఇంజిన్ దగ్గింది. గదంతా తెల్లటి పొగ కక్కింది. మళ్లీ దగ్గి, ఆగబోయి, అందుకుంది. బల్బు మిణుకుమిణుకుమంటూ వెలిగింది. అలాగే దగ్గుతూ, ఎగిరెగిరి పడుతూ నడిచి, నూనె అయిపోయాక ఆగింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

చైర్మన్ గారు నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని వెళ్లిపోయారు. బావ జనరేటర్‌ని ఆటోలోకి ఎక్కిస్తూ, ఇన్నేళ్లలో ఇంజిన్ దగ్గుతుంటే సంతోషపడటం ఇదే మొదటిసారి అన్నాడు.

జూలై 2

కమిటీ నుంచి ఆర్డరు వచ్చింది. రెండే వాక్యాలు. మొదటిసారి నడిచినదాన్ని లెక్కలోకి తీసుకోలేదట. రెండోసారి దగ్గిందట, దాన్ని ఈ గదిలోనే దగ్గనివ్వండి అట.