ఫైర్‌వాల్ అడిగిన అనుమతి

అక్కా,

ఈ ఆదివారంతో నువ్వు పోయి ఏడాది అయింది. మన తార్నాక ఇంట్లో కంప్యూటర్‌కు బయటికి ఏది పోవాలన్నా ముందు నన్ను అనుమతి అడిగే కొత్త ఫైర్‌వాల్ నిన్న పెట్టించాను. పొద్దున తెరవగానే ఒక హెచ్చరిక వచ్చింది. ఇదివరకైతే భయపడి వెంటనే, ఆపేయమని 'బ్లాక్' నొక్కేదాన్ని.

"చదవకుండనే నొక్కుతవేందే, నీ పీహెచ్‌డీ దేనికి? ఎవరు అడుగుతున్నరు, ఎటు పోతనంటున్నరు, గా రెండు చూడు" అనేదానివి.

ఈసారి చూశాను. అడుగుతున్నది నువ్వు రాసిన చిన్న ప్రోగ్రామ్. ప్రతి ఆదివారం నా వ్యాసాల నకలును యూనివర్సిటీ క్యాంపస్‌లో నీ గది కంప్యూటర్‌కు పంపేది. నువ్వు లేకపోయినా ఇన్నాళ్లూ అది ఆ ప్రయత్నం మానలేదని నాకు తెలియదు.

నీ ల్యాబ్ అసిస్టెంట్ యాదగిరికి ఫోన్ చేశాను.

"పెద్దమేడం మిషిన్ ఎండాకాలంలనే తీసేసిన్రు మేడం. దాని నెట్‌వర్క్ అడ్రస్ ఇప్పుడు ఎవల మిషిన్‌కిచ్చిన్రో తెల్వదు. ఆపేయున్రి" అన్నాడు.

పంపనిస్తే నా రాతలు ఎవరి చేతికి చేరతాయో తెలియదు. ఆపితే, నా కోసం నువ్వింకా చేస్తున్న ఒక్క పనినీ నేనే ఆపినట్టు. చాలాసేపు తేల్చుకోలేక చివరికి బ్లాక్ నొక్కాను.

'మళ్లీ అడగవద్దు' అనే గడిలో మాత్రం టిక్కు పెట్టలేదు. వచ్చే ఆదివారం అది మళ్లీ అడుగుతుంది.