ఒకే ఫైల్లో అక్కా బావా

మార్చి 4

ఎల్లుండి అక్కకి గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదని డాక్టరు ముందే చెప్పేశారు. అందుకే నెల్లాళ్ళుగా తన మాటలన్నీ రికార్డు చేసి పెట్టుకుంది. ఏ రికార్డులో ఏ మాట ఉందో ఓ టెక్స్ట్ ఫైల్లో ఉంది. ట్యాబ్‌లో మాట ఎంచుకుంటే అక్క గొంతుతో పలికే ప్రోగ్రామ్ నేను రాశాను. బడాయి కాదు, బాగానే రాశాను.

మార్చి 5

బడాయే.

సగం మాటలే వస్తున్నాయి. నీళ్ళు కావాలి, నొప్పి తగ్గింది, ఇలాంటివి పలుకుతున్నాయి. కూతురు పాపని ముద్దు చేసేవి, బావని దెప్పేవి ఒక్కటీ లేవు. వాటి చోట ఏవో పిచ్చి గుర్తులు. ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి, మార్చి తెరిస్తే అవి వచ్చాయిగానీ, నీళ్ళూ నొప్పీ చైనా అక్షరాలైపోయాయి. తలకి కప్పితే కాళ్ళు బయట.

రోగి మాటలు మాత్రమే మిగిలితే అది మా అక్క ఎలా అవుతుంది?

మార్చి 5, సాయంత్రం

బావ నోరు విప్పాడు. మొదటి సగం అక్క తన పాత లాప్‌టాప్‌లో టైప్ చేసిందట. నీరసం వచ్చాక మిగతాది తను ఆఫీసు కంప్యూటర్‌లో చేశాడట. నాకు శ్రమ తగ్గిద్దామని రెండు ఫైళ్ళనీ ఒక్క కమాండ్‌తో అతికించేశాడు. పైగా ఆ లాప్‌టాప్‌ని శుభ్రంగా ఫార్మాట్ కూడా చేశాడు, అక్క అసలు ఫైలూ పోయింది. తిట్టాలనుకున్నాను. మొహం చూసి మానుకున్నాను.

ఏముందీ, ఒక్కొక్కటీ విని మళ్ళీ టైప్ చేసేద్దాంలే అన్నాడు. రెండోదానికే హెడ్‌ఫోన్స్ తీసేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

మార్చి 6

ఆపరేషన్ జరుగుతోంది. నేను వెయిటింగ్ హాల్లో, ఒళ్ళో లాప్‌టాప్‌తో.

ఫైల్ని అక్షరాలుగా మార్చకుండా, లోపలున్న అంకెల్లా ఉత్త బైట్లుగా తెరిచి చూశాను. నిన్ననే చేయాల్సింది. అర్థంకాని బైట్లు వస్తే ఇగ్నోర్ చెయ్యమని రాసెయ్యడం మా ఆఫీసులో అందరికీ అలవాటు, నేనూ అదే రాశాను. ఆ ఒక్క ముక్క లేకపోతే మొదటి బైటు దగ్గరే ప్రోగ్రామ్ ఆగి గోల చేసేది. అక్క సగం ఒక ఎన్‌కోడింగ్, యుటిఎఫ్-16; బావ సగం ఇంకొకటి, యుటిఎఫ్-8. టీలో చక్కెర దగ్గర్నుంచి దేనికీ ఒక్క మాట మీద ఉండని దంపతులు, ఫైల్లో మాత్రం ఉంటారా!

అతుకు దొరికింది. అక్కడ కోసి, ఎవరి సగాన్ని వాళ్ళ ఎన్‌కోడింగ్‌లో చదివించాను. అన్నీ వచ్చాయి. అన్నీ! సంతోషం పట్టలేక నర్సు చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆపరేషన్ ఇంకా అవ్వలేదమ్మా అంది పాపం.

మార్చి 8

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అక్క కళ్ళు తెరిచింది. ట్యాబ్ వైపు చూసి మొహం తిప్పేసుకుంది. తన గొంతు తనే వినలేకపోతే? నాకు భయంగా ఉంది.

మార్చి 9

పాపని లోపలికి పంపారు. ఆ ట్యూబులు చూసి గోడకి అతుక్కుపోయింది. అక్క ట్యాబ్ తీసుకుని చాలాసేపు వెతికింది. ఏయ్ కోతీ, ఆ జడ ఎవరేశారే నీకు, అంది.

నాన్న, అని చాడీ చెబుతూ పాప మంచమెక్కేసింది.