చూసుకుంటానన్నాను

1వ తేదీ, సోమవారం. ఉదయం 6.10
తీర్మానం: రోజుకో మంచిపని. కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త నేను!

ఈ భవనంలో ఒక్కడికీ పక్కవాడి గోడు పట్టదు. మెట్ల కింద సైకిళ్ళు బాగుచేసే ఆయన్నే తీసుకోండి. పొద్దస్తమానం గ్రీజు చేతులతో చక్రాలు తిప్పడం తప్ప లోకానికేం ఒరగబెట్టాడు?

8.40. మొదటి మంచిపని! మెట్ల మీద ఓ పెద్దాయన చేతిలో సంచి లాక్కుని మూడో అంతస్తుకి మోశాను. తీరా చూస్తే ఆయన దిగుతున్నారట. "కిందికయ్యా, కిందికి!" అని అరుస్తూ నా వెనకాలే ఎక్కారు. కృతజ్ఞత మచ్చుకైనా లేదు. అయినా టిక్కు పెట్టుకున్నాను.

3వ తేదీ, బుధవారం
(నిన్న ఖాళీ. సాయం కావలసినవాళ్ళెవరూ ఎదురుపడలేదు. అదీ నా తప్పేనా?)

ఇవాళ పెద్దదే దొరికింది! ఎదురింటి టైలరమ్మకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఒంటరి మనిషి. రోజుకి మూడుసార్లు కంట్లో మందు చుక్క పడాలి. సీసా దగ్గరికి తేగానే రెప్ప మూసుకుపోతుంది, తనంతట తాను వేసుకోలేదు. రెండో కంటికి మసక తప్ప ఏమీ ఆనదు. ఈ కన్ను బాగుపడితేనే మళ్ళీ సూదిలోకి దారం ఎక్కేది, పొయ్యి వెలిగేది.

"మా మేనకోడలు సెలవు పెట్టి వస్తానంటోంది బాబూ," అంది.

"పాపం ఆ పిల్లకెందుకమ్మా శ్రమ? నేను చూసుకుంటాను!"

ఆవిడ నాకు దండం పెట్టి, అక్కడికక్కడే ఫోన్ చేసి మేనకోడల్ని రావద్దంది. నా కళ్ళు చెమర్చాయి.

మా ఆవిడ: "పొద్దునపూట నేను వేస్తాలెండి."

నేను: "ముట్టుకోకు! ఇది నా మంచిపని. కావాలంటే నువ్వింకోటి వెతుక్కో."

"మీరు చూసుకుంటానన్న వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది," అంది. దెప్పడంలో ఆవిడ తరవాతే ఎవరైనా.

4వ తేదీ
ఉదయం 8, మధ్యాహ్నం 1 (భోజనానికి ఇంటికొచ్చినప్పుడు), సాయంత్రం 6. మూడూ వేశాను! ఒకటి బుగ్గ మీద పడింది, ఒకటి ముక్కు మీద. పర్లేదు.

ఆఫీసులో ఏడుగురికి చెప్పాను. ఒక్కడు మాత్రం "గొప్ప మనసండీ" అన్నాడు. అదీ ఫైల్లోంచి తల ఎత్తకుండా.

6వ తేదీ
ఉదయం: వేశాను. ముందు చేతులు కడుక్కోమంది. ఊరికే చేస్తుంటే పైగా షరతులు!
మధ్యాహ్నం: మీటింగ్. ఫోన్‌లో అలారం మోగింది. పై అధికారి గుడ్లురిమాడు. శబ్దం తీసేశాను.
సాయంత్రం: రెండు చుక్కలు. మధ్యాహ్నంది కూడా కలిపేశాను.

8వ తేదీ
ఉదయం: మెలకువ రాలేదు.
మధ్యాహ్నం: ఎండ.
సాయంత్రం: తలుపు కొట్టబోయి ఆగాను. పడుకుందేమో. నిద్రపోయేవాళ్ళని లేపకపోవడం మాత్రం మంచిపని కాదూ? టిక్కు.

"చుక్కలు వేశారా?" అని మా ఆవిడ అడిగింది.

"ఆఁ, ఎప్పుడో!"

10వ తేదీ. ఉదయం 9.05
టైలరమ్మ గుమ్మంలో పట్టుకుంది. "కన్ను మండుతోంది బాబూ. మొన్నా నిన్నా మీరు రాలేదు..."

"ఆపరేషనన్నాక ఆమాత్రం ఉంటుందమ్మా. నేను చూసుకుంటాను కదా!"

ఆఫీసుకి టైమైపోతోంది, దిగిపోయాను. కాస్త చనువిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు జనం.

11 నుంచి 15
జలుబు. (కొద్దిగా.)

16వ తేదీ. సాయంత్రం 6
ఎదురింటి తలుపు తీసి ఉంది. టైలరమ్మ కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంది. సైకిలాయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, కడుక్కుని, తుడుచుకుని, వంగి చుక్క వేశాడు. ఒక్కటే. సరిగ్గా కంట్లో.

పదో తేదీ పొద్దున, నేను అలా దిగగానే ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగిందట. ఎర్రబడ్డ కన్ను చూసి ఈయన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంకో రెండు రోజులైతే కన్ను దక్కేది కాదని డాక్టరమ్మ నానా చీవాట్లూ పెట్టిందట. నాకు పడాల్సిన చీవాట్లు ఆయన తిన్నాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీరు చూసుకుంటున్నారనే అనుకున్నాను సార్, మొదట్లో," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

మా ఆవిడకి సంగతి తెలిసింది. పానా తెచ్చుకుని కుళాయి తనే బిగించుకుంది.

20వ తేదీ
సిగ్గు చంపుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. సూదిలో దారం ఎక్కిస్తోంది. మొదటిసారికే ఎక్కింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"కన్ను నిలబడింది కదా, వదిలెయ్యండి బాబూ. వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్. మా మేనకోడలు వస్తోంది. మీరు నాకో సాయం చెయ్యాలి."

"చెప్పండమ్మా! ఏదైనా సరే!"

"ఈసారి చూసుకుంటానని మాత్రం అనకండి."

ఇంటికొచ్చి డైరీలో టిక్కులన్నిటినీ అడ్డగీతలు గీసి కొట్టేశాను. పెద్దాయన సంచిది కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

21వ తేదీ. ఉదయం 6.10
తీర్మానం: రోజుకో మంచిపని. ఇవాళే మొదలు. చిన్నవి. అడిగి చేసేవి.

7.30. మెట్ల మీద అదే పెద్దాయన, అదే సంచి.

"నేను చూ..." అనబోయి నాలుక కరుచుకున్నాను. "పైకా అండీ, కిందికా?"

ఆయన సంచి గుండెలకి హత్తుకుని, గోడకి అతుక్కుపోయి, నేను వెళ్ళిపోయేదాకా కదల్లేదు.