తాతమ్మ పక్కన చోటు

నెదర్ కూంబ్ గ్రామంలో పుట్టి, ఆ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి, అక్కడే ముసలిదాన్నయిన ఐవీ ట్రెస్కాట్ అను నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయించిన చివరి వీలునామా ఇది. మోకాళ్లు తప్ప నాలో అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయి, బుద్ధి మరీను. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. దీని అమలు బాధ్యత నా మేనకోడలు ఫిలిప్పాది. ఏడుపు వచ్చినా పని ఆపని పిల్ల.

2. ఇల్లు, పెరడు, ప్లమ్ చెట్టుతో సహా ఫిలిప్పాకే సర్వహక్కులతో చెందాలి. చిన్నప్పుడు నేనూ, పెదనాన్న కొడుకు కత్‌బర్ట్ అన్నయ్యా ఆ చెట్టుమీదే బతికాం. తాత ఆంబ్రోస్ కింద నిలబడి, "దిగండర్రా! మనది కోట దొరల రక్తం, కోతులది కాదు!" అని అరిచేవాడు.

3. తాత చేయించిన వంశచిహ్నపు పలకను సారాకొట్టువాళ్లకు ఇస్తున్నాను. గోడకు తగిలించి బాణాలు విసిరే ఆటకు పనికొస్తుంది. ఎందుకంటే, బడి ఉద్యోగం నుంచి విరమణ పొందాక మా మూలాలు వెతుకుతూ నేను ఊళ్లోకెల్లా వయసులో పెద్దదైన డోర్కస్ యెలండ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పళ్లులేని నోటితో పకపకా నవ్వి, "కోటా? మీ తాతను కన్నతల్లి కెజియా, ఊరూరా తిరుగుతూ గిన్నెలకు మాట్లేసే బండివాళ్ల పిల్లే అమ్మాయ్! ఊరికి వచ్చింది, మీ ముత్తాతను చూసింది, బండి దిగిపోయింది. అంతే!" అంది. నాకు ఆ రోజంతా భూమ్మీద కాలు నిలవలేదు.

4. నా వంటసామానులో సూపు గిన్నెలన్నీ కత్‌బర్ట్ అన్నయ్యకు చేరాలి. అవి ఆయనవే. కెజియా సంగతి చెప్పగానే, "చచ్చినా ఒప్పుకోను, నీకు మతి పోయింది" అని నాతో మాటలు మానేశాడు. ఎదురిల్లే అయినా ఏళ్ల తరబడి అంతే. కానీ నా తుంటి విరిగిన చలికాలమంతా మా గేటు మీద వేడి సూపు గిన్నె కనిపించేది. మనిషి మాత్రం కనిపించేవాడు కాదు. ఉప్పెప్పుడూ ఎక్కువే. ఒక్క చుక్క వదల్లేదు.

5. చర్చి గుమ్మం పక్కన మా వాళ్ల మధ్య నాకున్న సమాధి స్థలాన్ని వదులుకుంటున్నాను. ఉత్తరపు గోడవార ముళ్లపొదల్లో తాతమ్మ కెజియాను, బండివాళ్ల పిల్లని, ఒంటరిగా పెట్టారు. నన్ను ఆమె పక్కన పెట్టాలి. ఫాదర్ గారు సరేనన్నారు. కిందటి వసంతంలో కర్ర ఊతంతో అక్కడికి వెళ్తే, కత్‌బర్ట్ అన్నయ్య చొక్కాచేతులు మడిచి పొదలు నరుకుతున్నాడు. నా వైపు చూడకుండానే, "ఇక్కడ ఎండ బాగానే పడుతోందే" అన్నాడు. నేనూ ఎండ గురించే మాట్లాడాను.

ఆ మూల ఇంకా ఒకరికి చోటుంది. అది నీకు రాస్తున్నాను అన్నయ్యా. తొందరేం లేదు.

తేదీ: 1987 మే 14
(సంతకం) ఐవీ ట్రెస్కాట్

సాక్షులు: హ్యూబర్ట్ స్నెల్, రొట్టెల వ్యాపారి, మాడ్ పెంగెల్లీ, నర్సు.
(కత్‌బర్ట్ ట్రెస్కాట్ తానే సాక్షి సంతకం పెడతానని కలం పట్టుకు కూర్చున్నాడు. ఆస్తి పొందేవారు పెట్టకూడదని వకీలు గారు చెబితే, "నాకేం రాసిందిట?" అని అడిగాడు.)